రెక్కల గుర్రాల తెర, పెడన అచ్చు

హదీసు పాఠంలో ఏటా ఒక తెర ప్రస్తావన వస్తుంది. దైవప్రవక్త (సఅసం) ప్రయాణం నుండి తిరిగి వచ్చేసరికి హజ్రత్ ఆయిషా (రజి) తమ ద్వారానికి ఒక మందపాటి తెర కట్టి ఉన్నారు. దానిపై రెక్కల గుర్రాలున్నాయని ‘సహీహ్ ముస్లిం’లోని ఒక ఉల్లేఖనం తెలుపుతున్నది. ఆయన దానిని తీసివేయమన్నారు. పారశీక శైలి నేతలో రెక్కల గుర్రం పాత నమూనాయే. ఈజిప్టులోని అంతినోయెలో లభించిన ప్రాచీన పట్టు పీలికలపై అది నేటికీ కనిపిస్తుంది. బొమ్మల తెరను గురించిన మరొక ఉల్లేఖనంలో, ఆ గుడ్డను ఆమె కోసి దిండ్లుగా మలచారని ఉంది. ఎన్నో ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్న మేము తెర తొలగింపు వద్ద గొంతు పెంచేవాళ్లము, దిండ్ల మాటను త్వరగా దాటవేసేవాళ్లము.

నిరుడు మా విద్యార్థి ఒకడు రబ్బరుపై గుర్రం చెక్కి, సిరాలో అద్ది, నోటు పుస్తకమంతా అచ్చులు వేశాడు. మేము రబ్బరు లాక్కొని అందరి ముందు మందలించాము. ఆ తరువాత అతడు అక్షరలేఖన తరగతిలో సైతం కలం పట్టడానికి వెనుకాడసాగాడు. తప్పును సరిదిద్దబోయి చేతినే విరిచామా అన్న సందేహం మమ్మల్ని విడువలేదు. అందుకే సెలవుల్లో అతణ్ణి వెంటబెట్టుకొని బందరుకు, అక్కడినుండి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని పెడనకు వెళ్లాము.

బందరు ఒకనాడు గోల్కొండ కుతుబ్ షాహీల రేవు. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తకస్థానం నెలకొల్పక మునుపే పారశీక వర్తకుల రాకపోకలుండేవి. కలంకారీ అన్న మాటే పారశీకం. శ్రీకాళహస్తిలో కలంతో పురాణగాథలు చిత్రిస్తే, ఇక్కడ ప్రధానంగా చెక్క అచ్చులతో పూలు, తీగలు, మెహ్రాబులు అద్దుతారు.

పనిశాలలో ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, “మౌల్వీ గారూ, నిలవాల్సిన గీతను వదిలి మిగతాదంతా ఉలితో తీసెయ్యాలండీ” అన్నారు. ఉబ్బెత్తు అచ్చు మర్మమంతా అదే. చదును చేసిన టేకు చెక్కపైకి నమూనా ఎక్కించి, చుట్టూ లోతుగా చెక్కుతారు. అచ్చులో ప్రతిదీ తిరగబడుతుంది కనుక అరబీ అక్షరాన్ని అద్దంలో కనిపించినట్లు చెక్కవలసి ఉంటుంది.

గుడ్డను ముందు కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవాన్ని దానిపై అద్దగానే నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట మొదట దాదాపు ఏమీ కనబడదు. మంజిష్ఠ వంటి వేళ్లతో మరిగించినప్పుడే అక్కడ ఎరుపు పుడుతుంది. ఆ కాగు ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము.

మా చేతికీ ఒక అచ్చు ఇచ్చారు. రంగు ఎక్కువై గాళ్లు పూడిపోయాయి, పువ్వు మరకైంది. అబ్బాయి నవ్వాడు, ఏడాది తరువాత వినిన నవ్వు. అతడు మాత్రం అచ్చు మూలలు సరిచూసి, పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. గీత తెగకుండా పడింది.

మెహ్రాబు ఉన్న జానమాజును పెద్దాయన ఆప్యాయంగా చూపారు. అందమైనదే, కాని నమాజుకు మాకు సాదాదే ఇష్టం. నమాజులో దృష్టి మరల్చిందని దైవప్రవక్త (సఅసం) చారల దుప్పటిని సైతం పక్కన పెట్టారు కదా.

పెద్దాయన ఒక టేకు ముక్క ఇచ్చి, ముందు బంగాళాదుంపపైనో రబ్బరుపైనో చేయి తిరగనిమ్మన్నారు. అబ్బాయి మా వైపు చూశాడు.

“చెక్కవచ్చునా, హజ్రత్?”

“చెట్లూ ఆకులూ చెక్కు నాయనా. బొమ్మలు గీసి బ్రతికే మనిషికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపిన దారి అదే,” అన్నాము. ఈ మాట నిరుడే చెప్పి ఉండవలసింది.

మద్రసాకు తిరిగి వచ్చాక బల్ల సొరుగులోని పాత రబ్బరు తీసి అతనికిచ్చాము. అతడు దానిని అటూ ఇటూ త్రిప్పి, “వెనుక వైపు ఖాళీగా ఉంది హజ్రత్,” అన్నాడు. మరునాటి ఉదయం హాజరు పట్టీ అట్టపై నాలుగు అంచులా నీలి సిరా తీగ పాకి ఉంది. ఒక ఆకు తలక్రిందులుగా పడింది. మేమేమీ అనలేదు.