గాలి పైపు దగ్గర కారిన శ్లాబు



పాస్టరు గారి ఇంట్లో ఫ్యాను కొక్కెం నుంచి నీళ్లు కారుతున్నాయని ఊరంతా తెలిసిపోయింది. ఫోను చేసినవారందరూ ప్రార్థన అంశం చెప్పకముందే శ్లాబు ఎలా ఉందని అడుగుతున్నారు. అందుకని ఈ వారం దాని గురించే రాస్తున్నాం.

కారింది పక్క గదిలో. సంఘం బీరువా అక్కడే ఉంటుంది. బాప్తిస్మాల పుస్తకాలు, పెళ్లి రిజిస్టర్లు అందులోనే ఉన్నాయి. మొదటి పెద్దవాన కురిసిన రాత్రి కొక్కెం దగ్గర చుక్క చుక్కగా మొదలై, తెల్లవారేసరికి బీరువా అడుగు అర తడిసింది. ముందు ఆ గదికి కరెంటు తీసేశాం. తర్వాత పుస్తకాలు బయటికి తెచ్చి, మందిరంలో చాప మీద ఒక్కొక్క పేజీ విప్పి ఆరబెట్టాం.

ఆ వారమే ఒక మామ్మగారు వచ్చారు. ఆమె భర్త చనిపోయి నెల దాటింది. ఆయన పింఛను ఆమెకు మారాలంటే పెళ్లి జరిగినట్టు కాగితం కావాలన్నారట. “అయ్యగారూ, మా పెళ్లి మన పుస్తకంలో ఉందా?” అని అడిగారు. మన దేశంలో క్రైస్తవ వివాహ చట్టం 1872లో వచ్చింది. దాని కింద జరిపే పెళ్లి రిజిస్టరులో ఎక్కాలి. ఆమె పెళ్లీ ఎక్కింది. అయితే ఆ పుస్తకం చాప మీద ఉంది, సిరా నీలంగా పాకుతోంది. “ఉంది మామ్మగారూ, రెండు రోజులు ఆగి రండి” అన్నాం. ఆమె చాప వైపు చూశారు కానీ ఏమీ అడగలేదు.

లేవీయకాండము 14వ అధ్యాయం మన సంఘాల్లో ఎవరూ వాక్యంగా ఎత్తుకోరు. అక్కడ ఇంటి గోడకు పట్టిన పొడను చూసి తేల్చే పని యాజకుడిది. ఇంటివాడు వచ్చి తన ఇంట్లో ఏదో పొడ కనబడుతోందని చెప్పాలి. యాజకుడు లోపలికి అడుగు పెట్టకముందే ఇల్లు ఖాళీ చేయిస్తాడు, లోపలి సామాను అపవిత్రం కాకూడదని. ఎంత దయో చూడండి! గోడ సంగతి తేలేలోపు ఆ పేదవాడి కుండలూ చాపలూ దక్కాలని ధర్మశాస్త్రంలోనే రాసి ఉంది. తర్వాత ఏడు రోజులు ఇల్లు మూసి, మళ్లీ వచ్చి చూస్తాడు. పొడ వ్యాపించి ఉంటే ఆ రాళ్లు ఊడదీయించి, గోడ గీయించి, కొత్త రాళ్లు పెట్టించి, కొత్త అడుసు పూయిస్తాడు. మచ్చ మీద సున్నం కొట్టి పొమ్మన్న మాట అక్కడ ఎక్కడా లేదు.

మన శ్లాబుకి ఇదివరకు జరిగింది సున్నం పనే. రెండేళ్ల క్రితం వచ్చిన ఒకాయన ఫ్యాను చుట్టూ లప్పం పెట్టి రంగు వేసి వెళ్లారు. ఈసారి వచ్చిన మేస్త్రి రంగు డబ్బా తేలేదు. “అయ్యగారూ, నీళ్లు కారేచోట ఉండదు రోగం. పైకి పదండి” అన్నాడు.

వాన తెరిపి ఇచ్చినప్పుడు దాబా ఎక్కి, బంకమట్టితో చిన్న గట్లు కట్టి ఒక్కోచోట నీళ్లు పోశాం. పిట్టగోడ మూల పోస్తే కింద ఏమీ లేదు. కొక్కెంకి సరిగ్గా పైన పోసినా ఏమీ లేదు. అక్కడికి ఆరడుగుల దూరంలో, బాత్రూమ్ నుంచి శ్లాబులోంచి పైకి లేచిన నాలుగంగుళాల గాలి పైపు చుట్టూ పోశాం. గంటలోపే ఫ్యాను దగ్గర చుక్క పడింది. పైపు పక్క సందులోంచి దిగిన నీరు, శ్లాబులో పూడ్చిన కరెంటు గొట్టంలో దూరి, దాని వెంట నడిచి ఫ్యాను పెట్టెలో బయటపడుతోందన్నమాట. పైన ఎత్తిపోశాక కూడా ఆ గొట్టంలో నిలిచిన నీరు మరునాటి దాకా కారుతూనే ఉంది.

ఇది విని సంఘ పెద్ద ఒకరు, “ఆ పైపు కోసేసి పైన సిమెంటు మూత వేసేస్తే పీడ పోతుంది కదా అయ్యగారూ” అన్నారు. సమస్య మొదలే ఉండదని ఆయన ఆలోచన. కానీ ఆ పైపు ఊరికే నిలబడలేదు. దొడ్డి కుండీ కింద వంపులో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. ట్యాంకు వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీరే. పెద్దగా నీళ్లు గుమ్మరించినప్పుడు పైపులో జారే నీరు వెనకనుంచి గాలిని లాగుతుంది. పైనుంచి గాలి అందకపోతే ఆ వంపులోని నీటినే లాక్కుపోతుంది. ట్యాంకులో పుట్టే వాయువు పోయే దారీ అదే. అందులో మంటపట్టేదీ ఉంది, మనిషిని పడగొట్టేదీ ఉంది. పైపు మూస్తే వాన లోపలికి రాదు కానీ, అంతకంటే చెడ్డది వస్తుంది. ఇదంతా మేస్త్రి మాకు చెప్పాడు. మా డిప్లొమా చదువులో మరుగుదొడ్డి పాఠం లేదు మరి. పెద్దాయన విని, “అయితే ఉండనివ్వండి, కానీ గట్టిగా చేయించండి” అన్నారు.

పాత సిమెంటు ఉలితో కొడుతుంటే అసలు సంగతి బయటపడింది. సిమెంటు శ్లాబుకి అంటుకుంది కానీ పైపుకి అంటలేదు. రెంటి మధ్య దారమంత సందు. ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది, సిమెంటుకి పట్టు దొరకదు. పైగా ఎండకు ఆ పైపు కాంక్రీటు కంటే ఇంచుమించు అయిదు రెట్లు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఎన్నిసార్లు పైపైన పూసినా అక్కడే విడిపోతుంది.

మేస్త్రి పైపు చుట్టూ అంగుళం లోతు గాడి తీసి, దుమ్ము లేకుండా కడిగాడు. పైపుని ఎమరీ పేపరుతో గరుకు చేసి, పైపులు అతికించే సొల్యూషన్ పూసి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లాడు. ఆ ఇసుక పట్టాక సిమెంటు పాలు పోసి, ఒకటికి మూడు పాళ్ల మాలులో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి గాడిలో కూరాడు. దాని మీద నాలుగంగుళాల గట్టు, నీరు నిలవకుండా బయటికి వాలుగా కట్టాడు. ఏడు రోజులు తడి గోనెపట్టా కప్పాం. ఇక్కడా ఏడు రోజులే! ఆరాక రబ్బరులా సాగే పూత రెండుసార్లు, మధ్యలో వలగుడ్డ పెట్టి, పైపు మీదికి కూడా ఎక్కేలా వేశాడు. పైపు కదిలినా పూత దానితో కదలాలని.

మళ్లీ మట్టిగట్టు కట్టి ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు నిలిపాం. కింద పొడిగానే ఉంది. కరెంటు పని తెలిసిన తమ్ముడొకడు ఫ్యాను పెట్టె విప్పి, నానిన వైర్లు మార్చాకే స్విచ్ వేయనిచ్చాడు.

మామ్మగారి పేజీలో తేదీ కొంచెం అలుక్కుంది కానీ పేర్లు, సాక్షుల సంతకాలు చదవడానికి వస్తున్నాయి. నకలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాం. తన పేరు ఎక్కడుందో చూపించమన్నారు. చూపిస్తే వేలు పెట్టి, పక్కనున్న ఆయన పేరు కూడా తడిమి చూసుకున్నారు.

రిజిస్టర్లు ఇప్పుడు పై అరలోకి మార్చాం. ఇంకొక పని మిగిలింది. మందిరం వెనక బాత్రూమ్ గాలి పైపుకి టోపీ లేదు, కాకులు పుల్లలు వేస్తున్నాయి. వల ఉన్న టోపీ కొని ఉంచాం. దాని మొదట్లో కూడా సందు ఉందేమో చూడాలి. శనివారం ఉదయం పొడవు నిచ్చెన ఉన్నవారు ఎవరైనా తేగలిగితే ఫోను చేయండి.