మంటల్లోకి వెళ్ళేవాడు మన అమానత్

మా చెల్లెలి పెద్ద కుమారుడు ఫైర్‌మన్ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. హైదరాబాదు శివారున వట్టినాగులపల్లిలో ఉన్న అగ్నిమాపక శిక్షణ సంస్థకు బయలుదేరవలసి ఉంది. ప్రభుత్వోద్యోగం వచ్చిందని వనపర్తిలోని బంధువులంతా మిఠాయి అడుగుతుంటే, ఆమె నన్ను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు వేసింది. "భాయ్‌జాన్, జనమంతా బయటికి పరుగెత్తే చోటికి వీడు లోపలికి వెళ్ళాలి కదా! తెలిసి తెలిసి ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టుకోవడం మన ధర్మంలో తగునా? రేపు వాడికేమైనా అయితే, 'అల్లాహ్ రాసిపెట్టాడు' అని అందరూ చేతులు దులుపుకుంటే నేనెవరిని అడగాలి?"

మొదటి ప్రశ్న ధర్మానికి సంబంధించినది. రెండోది మనందరికీ సంబంధించినది. ఆ రెండింటికీ ఆ తల్లికి నేను చెప్పిన సమాధానమే ఈ వ్యాసం.

ఆమె భయం ఊరికే పుట్టినది కాదు. నిప్పు ఎంత త్వరగా ప్రాణాలు తీస్తుందో మా ప్రాంతం కళ్ళారా చూసింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాదుకు వస్తున్న ఒక ప్రైవేటు బస్సు కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద కల్వర్టును ఢీకొంది. డీజిలు ట్యాంకు పగిలి మంటలు లేచాయి. నిద్రలో ఉన్న ప్రయాణికులు తేరుకునేలోగానే బస్సు కాలిపోయింది. 45 మంది మరణించారు. ఎవరు ఎవరో గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు జరపవలసి వచ్చింది. అటువంటి చోటికి ఫైరింజన్ ఎంత వేగంగా వచ్చినా, సిబ్బందికి మిగిలేది చల్లార్చే పని, వెలికితీసే పని మాత్రమే. ఆ దృశ్యాలను మనసులో మోసుకుంటూ వారు ఇంటికి వెళ్ళాలి, భోజనానికి కూర్చోవాలి, పిల్లలతో నవ్వాలి. శరీరానికి తగిలిన గాయానికి ఆసుపత్రి ఉంది. ఈ గాయాన్ని మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు.

ఏడేళ్ళ తరువాత, 2020 ఆగస్టు 20 రాత్రి, నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగాయి. అది భూగర్భంలో నిర్మించిన కేంద్రం. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు. లోపల ఉన్నవారిలో కొందరు బయటపడగలిగారు. తొమ్మిది మంది బయటికి రాలేకపోయారు. వారిలో ఏడుగురు విద్యుత్ సంస్థ ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీల పనికి వచ్చిన ప్రైవేటు సంస్థ ఉద్యోగులు. సొరంగం నిండా కమ్ముకున్న దట్టమైన పొగ రక్షక బృందాలను గంటల తరబడి అడ్డుకుంది.

ఆ తొమ్మిది మందీ అగ్నిమాపక సిబ్బంది కారు. విధి నిర్వహణలో ఉండగానే మరణించారు. నిప్పుతో పని ఉన్న ప్రతివారూ వారి మరణం నుంచి నేర్చుకోవలసినది ఒకటుంది. మూసి ఉన్న చోట మనిషిని ముందుగా చంపేది మంట కాదు, పొగ. విద్యుత్ తీగల పైతొడుగు కాలినప్పుడు వెలువడే వాయువులు కళ్ళను, ఊపిరితిత్తులను మండిస్తాయి. దానితో కలిసి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. మనిషికి మొదట తల తిరుగుతుంది, తరువాత దారి తెలియదు, తరువాత స్పృహ ఉండదు. ధైర్యమున్నవాడి మీదా, పిరికివాడి మీదా అది ఒకే విధంగా పనిచేస్తుంది.

మన దేశంలో ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినం పాటిస్తారు. ఆ తేదీ వెనుక కూడా ఇటువంటి కథే ఉంది. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్ళు ఉన్నాయి, దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి సిబ్బంది నీళ్ళు పోస్తూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు గంటలు దాటగానే ఓడ పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది అక్కడే అమరులయ్యారు.

2017 జనవరి 19న టెహ్రాన్‌లో ప్లాస్కో అనే 17 అంతస్తుల భవనం కొన్ని గంటలు మండి కుప్పకూలినప్పుడు 16 మంది అగ్నిమాపక సిబ్బంది శిథిలాల కింద ప్రాణాలు వదిలారు. ఆ భవనం సురక్షితం కాదని నగరపాలక సంస్థ అంతకుముందే పలుమార్లు హెచ్చరించింది. శ్రీశైలం ప్రమాదానికి 16 రోజుల ముందు, 2020 ఆగస్టు 4న, బీరూట్ రేవులో ఒక గిడ్డంగికి నిప్పంటుకుందని కబురు అందగానే పదిమందితో కూడిన బృందం బయలుదేరింది. లోపల 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి నిలువ ఉన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. ఆ పదిమందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఈ మూడు సంఘటనల్లోనూ చనిపోయినవారికి ధైర్యం కొరవడలేదు. కొరవడినది ఇతరుల నిజాయితీ, జాగ్రత్త. ఎవరో సరుకును దాచారు, ఎవరో హెచ్చరికను పెడచెవిన పెట్టారు, ఎవరో చెప్పవలసిన మాట చెప్పలేదు. అగ్నిమాపక సిబ్బంది మరణాలలో అనేకం మంట అంటుకోకముందే, ఎక్కడో ఒక కార్యాలయంలోనో ఒక గోదాములోనో మొదలవుతాయి.

ఇక మా చెల్లెలి మొదటి ప్రశ్న. చేజేతులా వినాశనంలో పడవద్దని దివ్యఖుర్ఆన్ (2:195) హెచ్చరించిన మాట నిజమే. ఒక్క ప్రాణాన్ని నిలపడాన్ని సమస్త మానవాళిని నిలపడంతో సమానంగా అదే దివ్యఖుర్ఆన్ (5:32) లెక్కగట్టింది. ఈ రెండు ఆదేశాల మధ్య వైరుధ్యం లేదు. వాటిని కలిపే వంతెన పేరు శిక్షణ. ఈత రానివాడు వరద కాలువలో దూకితే ఇద్దరు మునుగుతారు. ఈత నేర్చినవాడు నడుముకు తాడు కట్టుకుని దిగితే ఇద్దరూ గట్టెక్కవచ్చు.

ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయాలన్న దైవప్రవక్త (స) బోధ మనకందరికీ తెలుసు. ఉహుద్ యుద్ధానికి ఆయన (స) రెండు కవచాలు ధరించి వెళ్ళారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆయనకన్నా గొప్ప తవక్కుల్ ఎవరికుంటుంది? అయినా కవచం వద్దనలేదు. కనుక ముఖానికి మాస్కు, తలకు శిరస్త్రాణం లేకుండా పొగలోకి దూసుకుపోవడం విశ్వాసానికి గుర్తు కాదు. అది విశ్వాసం పేరిట జరిగే నిర్లక్ష్యం.

శిక్షణ పొందుతున్న రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడల్లా మా మేనల్లుడు తల్లికి చెప్పిన సంగతులు నేనూ విన్నాను. వీపున మోసే సిలిండరులో ఉండేది ఆక్సిజన్ కాదట, ఒత్తిడితో నింపిన మామూలు గాలి. కష్టపడి పనిచేసేవాడికి అది అరగంటకు కాస్త అటూ ఇటూ సరిపోతుంది. గాలి తగ్గిపోతుంటే దానంతటదే ఈల మోగుతుంది. ఆ ఈల వినేదాకా ఆగకుండా, తిరుగు ప్రయాణానికి గాలి మిగిలి ఉండగానే వెనుదిరగాలి. ఒంటరిగా లోపలికి వెళ్ళకూడదు, జోడీగా వెళ్ళి జోడీగానే రావాలి. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వెళ్ళారో, ఎంత గాలితో వెళ్ళారో బయట ఒకరు పలక మీద రాసి లెక్క చూస్తుండాలి. వారిని బయటికి తేవడానికి మరో జోడీ సిద్ధంగా నిలబడాలి. కళ్ళు కనబడని పొగలో నీళ్ళ గొట్టమే ఇంటికి దారి, దాన్ని తడుముకుంటూ వెనక్కి రావాలి. లోపల మనిషి కొన్ని సెకన్లపాటు కదలకుండా పడిపోతే పెద్దగా మోగే పరికరం కూడా ఉంటుందట.

"అమ్మీ, లోపలికి ఎలా వెళ్ళాలో నేర్పడానికన్నా బయటికి ఎలా రావాలో నేర్పడానికే ఎక్కువ రోజులు తీసుకున్నారు" అన్నాడు వాడు. ఆ ఒక్క మాట నా వాదనలన్నిటికన్నా ఆమెకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

ప్రమాదం మంట ఆరగానే ముగిసిపోదు. అగ్నిమాపక వృత్తిలో ఎదురయ్యే ప్రభావాలు క్యాన్సరుకు కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో నిర్ధారించింది. కోటుకు అంటిన మసి గౌరవ చిహ్నం కాదు, కడిగి తీరవలసిన విషం. మసి పట్టిన దుస్తులతో ఇంటికి వచ్చి పిల్లలను ఎత్తుకోకూడదు. అమెరికాలో విధి నిర్వహణలో చనిపోయే అగ్నిమాపక సిబ్బందిలో ఎక్కువ మందిని బలిగొంటున్నది గుండెపోటు. బరువైన దుస్తుల్లో, భరించలేని వేడిలో, ఒంట్లో నీరు తగ్గిపోతుండగా గుండె ఎంత శ్రమపడుతుందో ఊహించుకోవచ్చు. వనపర్తి ఎండలను ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. గడ్డివాములు, పత్తి మిల్లులు, నల్లమల అడవి అంటుకునే కాలం కూడా అదే. కనుక క్రమం తప్పని వైద్య పరీక్షలు, వ్యాయామం, చాలినంత విశ్రాంతి వారికి సౌకర్యాలు కావు, హక్కులు.

అగ్నికి ఆహుతైన విశ్వాసి కూడా షహీద్ స్థాయిని పొందుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఇది గాయపడిన కుటుంబాలకు మహత్తరమైన ఓదార్పు. అయితే ఈ శుభవార్త తల్లి కన్నీరు తుడవడానికి వచ్చింది, బాధ్యులను తప్పించడానికి రాలేదు. చిరిగిన బూట్లు ఇచ్చినవాడు, పనిచేయని మాస్కు ఇచ్చినవాడు, గోదాములో ఏముందో దాచినవాడు 'వాడు షహీద్ అయ్యాడు' అని చెప్పి తప్పించుకోలేడు. మనలో ప్రతి ఒక్కరూ కాపరులేనని, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని ఆయన (స) బోధించారు. మనకోసం మంటల్లోకి వెళ్ళేవాడు మన చేతుల్లో ఉన్న అమానత్. మా చెల్లెలి రెండో ప్రశ్నకు నా సమాధానం ఇదే.

ఈ అమానత్‌ను కాపాడడంలో మన ఇళ్ళకూ వాటా ఉంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంట్లోవారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. నాటి దీపపు వత్తి స్థానంలో నేడు గ్యాసు రెగ్యులేటరు, మంచం మీద చార్జింగులో వదిలేసిన ఫోను, గుమ్మం పక్కనే రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీ స్కూటరు ఉన్నాయి. పడుకునే ముందు వాటిని చూసుకోవడం సున్నత్‌ను అనుసరించడమే. అంటుకోని నిప్పు ఏ ఫైర్‌మన్‌నూ చంపదు.

రెండోది దారి. దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని మనం పిల్లలకు నేర్పుతాం. మరి జుమా రోజున మస్జిద్ ముందు గల్లీని వాహనాలతో మూసివేస్తే, పెళ్ళి షామియానాను రోడ్డుకు అడ్డంగా కట్టి దాని పక్కనే గ్యాసు పొయ్యిలు పెడితే, ఫైరింజన్ ఎటునుంచి రావాలి? మస్జిద్ కమిటీలు ఇద్దరు యువకులను ఈ పనికి నియమిస్తే చాలు. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. ఆ ఇంటికి ఉన్నది ఒకే ఇరుకైన దారి. కాపాడాలని పరుగెత్తుకొచ్చిన పొరుగువారికైనా, సిబ్బందికైనా దారి ఉంటే కదా లోపలికి వెళ్ళేది! మన ఇళ్ళ కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్స్‌లో ఒక్కటైనా లోపలి నుంచి తెరుచుకునేలా చేయించుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

మూడోది నిజం చెప్పడం. 101కు ఫోను చేసినప్పుడు చిరునామాతో పాటు ఏది అంటుకుందో చెప్పాలి. ఫైరింజన్ రాగానే ఇంటి మనిషి ఒకరు ముందుకు వచ్చి లోపల ఎవరున్నారు, ఎన్ని సిలిండర్లున్నాయి, ఎక్కడున్నాయి, మెయిను ఆపారా లేదా అన్న సంగతులు చెప్పాలి. దుకాణంలో అనుమతి లేని సరుకు ఉంటే, జరిమానాకు భయపడి ఆ క్షణంలో దాచడం ఒక తల్లి బిడ్డను పణంగా పెట్టడమే. లోపల మనుషులెవరూ లేరని తెలిశాక, బీరువా కోసమో కాగితాల కోసమో వారిని లోపలికి వెళ్ళమని ఒత్తిడి చేయకూడదు. సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు.

మా మేనల్లుడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. సైరన్ వినిపించినప్పుడల్లా మా చెల్లెలు దుఆ చేస్తుంది. ఈ మధ్య ఆమె తన కొడుకొక్కడి కోసం కాకుండా ఆ బండిలో ఉన్న అందరి కోసం, వాళ్ళు ఏ మతంవారైనా, ఎవరి బిడ్డలైనా, వారి పేర్లు తెలియకపోయినా దుఆ చేస్తున్నదని గమనించాను. ఆ దుఆకు మన చేతనైన పని కూడా తోడు కావాలి. ఈ రాత్రి పడుకునే ముందు గ్యాసు కట్టేసి, మీ గల్లీలో ఒక ఫైరింజన్ పట్టేంత దారి ఉందో లేదో ఒక్కసారి చూడండి.

మనకోసం మంటల్లోకి వెళ్ళేవారిని అల్లాహ్ క్షేమంగా వారి తల్లుల వద్దకు చేర్చుగాక! వెళ్ళి తిరిగిరాని వారి కుటుంబాలకు సహనాన్ని, మనకు బాధ్యతను ప్రసాదించుగాక! ఆమీన్.