విస్తరి అందని ఫైలు

మీరు ఈ పాఠాన్ని ఇంట్లో ఒంటరిగా చదువుతూ ఉండవచ్చు. పక్కన ఉపాధ్యాయుడు లేడు. తోటి విద్యార్థీ లేడు. అందుచేత ఈ పాఠం రాసేటప్పుడు నేను చేసిన ఒక పొరపాటును ముందే మీకు చెప్పాలి.

నేను ఇంజనీరును కాను. బోధనాశాస్త్రం చదివి, పాఠాలు తయారుచేసే పనిలో ఉన్నదాన్ని. అసెంబ్లర్ గురించి నిపుణులు రాసి ఇచ్చినదాన్ని సులభమైన తెలుగులో పెట్టడం నా వంతు. పాఠం పొడవు తగ్గించాలని అందులో ఒక వాక్యం కొట్టివేశాను. అది లేకపోయినా నష్టం లేదనుకున్నాను.

అచ్చుకు ముందు చిత్తుప్రతిని ఒక అభ్యాసకుడికి ఇచ్చాం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, పగలంతా ఢిల్లీ నెహ్రూప్లేస్‌లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు. మూడు రాత్రులు కూర్చున్నాడట. నాలుగోరోజు నోయిడాలో నా దగ్గరకు వచ్చి, కాగితాలు బల్లమీద పెట్టి, "ఇది నాకు రాదు మేడమ్. సబ్జెక్టు మార్చుకుంటానండి" అన్నాడు. పాడైన మదర్‌బోర్డు విప్పి ప్రాణం పోసే మనిషి అన్నమాట అది!

అతనికి ఇచ్చిన పని ఏమిటో చూడండి. ప్రాసెసర్‌కు తెలిసినవి అంకెలే. 'కూడు', 'తరలించు' వంటి ఆదేశాలకు మనం రాసే పొట్టి పేర్లను ఆ అంకెల్లోకి మార్చేది అసెంబ్లర్. 1949లో కేంబ్రిడ్జ్‌లోని ఎడ్సాక్ యంత్రానికి డేవిడ్ వీలర్ కేవలం 31 ఆదేశాలతో ఇలాంటి సదుపాయం కల్పించాడు. ఈనాడు ప్రోగ్రాం రాయడం, అనువదించడం, ముక్కలను కలపడం, తప్పులు వెతకడం అన్నీ ఒకేచోట చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్నే ఐ.డి.ఇ. అంటారు. మనం వాడే విజువల్ స్టూడియో అటువంటిదే. దానిలో సి++ భాగాన్ని స్థాపించుకుంటే మాస్మ్ అనే అసెంబ్లర్ కూడా వెంట వస్తుంది. అయితే ప్రతి ప్రాజెక్టులోనూ దాన్ని మనమే పనిలోకి పిలవాలి.

నేను కొట్టివేసిన వాక్యం అదే.

కుర్రవాడు రెండు సంఖ్యలను కూడే మూడు ఆదేశాలను అసెంబ్లీ ఫైలులో రాశాడు. వాటిని పిలిచే ప్రోగ్రాం సి భాషలో రాశాడు. రెండూ సరిగానే ఉన్నాయి. బిల్డ్ చేస్తే మాత్రం 'అన్‌రిజాల్వ్‌డ్ ఎక్స్‌టర్నల్ సింబల్' అని తప్పు చూపింది. అంటే, పిలిచిన పేరు గలది ఎక్కడా దొరకలేదని. "ఫైలు ఎదురుగా కనబడుతూనే ఉంది కదండీ, మరి లేదంటుందేమిటి?" అని అతని బాధ. కనబడుతోంది నిజమే. పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నా విస్తరి వేయకపోతే వడ్డించేవాళ్ళు దాటిపోతారు చూడండి, ఆ ఫైలు స్థితి అది. అసెంబ్లర్ దాన్ని తాకనేలేదు. తాకలేదని చెప్పనూలేదు.

కాబట్టి ఖాళీ ప్రాజెక్టు తెరవగానే, ఏ ఫైలూ చేర్చకముందే, ప్రాజెక్టు పేరుమీద మౌస్ కుడి మీట నొక్కండి. బిల్డ్ డిపెండెన్సీస్, అందులో బిల్డ్ కస్టమైజేషన్స్ ఎంచుకోండి. వచ్చిన జాబితాలో మాస్మ్ పక్కనున్న గడిలో టిక్కు పెట్టండి. అసెంబ్లీ ఫైలును ఆ తర్వాతే చేర్చండి.

ఆ రోజు మేమిద్దరం కలిసి టిక్కు పెట్టాం. అయినా అదే తప్పు! నా ముఖం చూడాలి అప్పుడు. టిక్కుకు ముందే చేర్చిన ఫైలు 'బిల్డ్‌లో పాల్గొనదు' అనే గుర్తుతోనే ఉండిపోతుందని అరగంటకుగాని తెలియలేదు. మీకూ అలా జరిగితే ఫైలు ప్రాపర్టీస్ తెరిచి, ఐటమ్ టైప్ దగ్గర మైక్రోసాఫ్ట్ మాక్రో అసెంబ్లర్ అని మార్చండి.

ఆదివారం బజారులో కొన్న పాత పుస్తకం మీ దగ్గర ఉంటే ఒక మాట. అందులో మొదట కనిపించే .386, .మోడల్ అనే పంక్తులను 64 బిట్ల అసెంబ్లర్ ఒప్పుకోదు. అవి రాయకండి.

కుర్రవాడు 5, 7 ఇచ్చి చూశాడు. తెరమీద 12 వచ్చింది. సబ్జెక్టు మార్పు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఆ వాక్యం మళ్ళీ రాస్తారా మేడమ్?" అని అడిగాడు. తర్వాతి పుటలో మొదటి వాక్యం అదే. మీరూ 5, 7 ఇచ్చి చూడండి. 12 వస్తే రెండో భాగానికి వెళ్ళవచ్చు.