సీజన్ అయిపోయిన కొండలు

మనుచరిత్రలో ప్రవరుడి కాళ్ళ పసరు మంచునీళ్ళకు కరిగిపోయిన సంగతి తెలుగు చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. సిద్ధుడిచ్చిన పసరు పూసుకుని అరుణాస్పదపురం నుంచి హిమాలయానికి పోయాడు, మధ్యాహ్నందాకా తిరిగాడు, ఇంటికి మళ్ళుదామనుకునేసరికి కాళ్ళకు పసరు లేదు. నంద్యాలలో ఒక కళాశాలలో పదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. చెప్పినన్నాళ్ళూ అది కథ నడపడానికి పెద్దన వేసిన ఎత్తుగానే చెప్పాను. వరూధిని కనబడాలి, ప్రవరుడు చిక్కుకోవాలి, గనక పసరు కరగాలి. ఏప్రిల్ నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో, ఫ్యాను తిరగని గదిలో, మంచు మొహమెరుగని అరవైమందికి మంచు మొహమెరుగని అధ్యాపకుడు అంతకంటే ఏం చెప్పగలడు?

2019 మార్చి ఆఖరున ఉత్తరాఖండ్‌లో అధ్యాపకుల శిక్షణ తరగతులకు పోయినప్పుడు ఒక ఆదివారం మమ్మల్ని ఔలీకి తీసుకుపోయినారు. జోషీమఠ్ పట్టణానికి పైన, సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తున వున్న వాలు అది. కాళ్ళకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచుమీద జారే ఆటకు, అంటే స్కీయింగుకు, పేరుపడ్డ చోటు. మేము పోయేసరికి సీజన్ అయిపోవచ్చింది. వాలు మీద అక్కడక్కడా గోధుమరంగు గడ్డి బయటపడి వుంది. మంచంటే తెల్లటి దూది అనుకుని పోయినవాణ్ణి, కాలు పెడితే కంకరమీద పెట్టినట్టు కరకరమన్నది.

అక్కడ పలకలూ బూట్లూ అద్దెకిచ్చి, కొత్తవాళ్ళను చెయ్యి పట్టుకుని జారించే కుర్రవాడొకడు నా వచ్చీరాని హిందీని ఓర్చుకుని సంగతంతా చెప్పాడు. పగటి ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి చలికి మళ్ళీ గడ్డకడుతుంది. రోజూ ఇట్లా కరిగీ గడ్డకట్టీ మెత్తటి మంచు కాస్తా మొక్కజొన్న రవ్వలాగా పలుకులు కడుతుంది. తెల్లవారి అది గాజు. పలక నిలవదు, పడితే ఎముక విరుగుతుంది. ఎండ తగిలిన తర్వాత గంటో రెండు గంటలో పైన వేలెడు మందాన సడలుతుంది. సీజన్ చివర వచ్చే ఆటగాళ్ళకు కావలసింది ఆ కాసేపే. ఆ తర్వాత అంతా అంబలి. పలకలు కూరుకుపోతాయి, మోకాళ్ళు మెలిపడతాయి. "పదిలోపల వచ్చి వుండాల్సింది గురువుగారూ" అన్నాడు. మాతో మాట్లాడుతూనే పార తీసుకుని చెట్లనీడన మిగిలిన మంచును తెచ్చి గడ్డి బయటపడ్డ చోట కప్పుతున్నాడు. ఇంకొక వారం ఇట్లా అతుకులేసి నడిపిస్తాడట. తర్వాత బదరీనాథ్ గుడి తలుపులు తీస్తే యాత్రికుల బరువులు మోయడానికి పోతాడట.

మీ వైపు కొండల్లో సీజన్ ఎప్పుడని అడిగాడు. మా వైపు మంచు లేదన్నాను. ప్రశ్నకు జవాబు చెప్పేశాననే అనుకున్నాను.

అయిదేళ్ళ తర్వాత, 2024 ఏప్రిల్‌లో, అమ్మను అహోబిలం తీసుకుపోయాను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, అక్కడినుంచి నల్లమల అంచునున్న దిగువ అహోబిలం, ఆపైన 8 కిలోమీటర్లు ఎగువ అహోబిలం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల జనం వచ్చి పోయినారు. అడవి ఆకు రాల్చేసి వుంది. భవనాశని మడుగుల్లో మిగిలిన నీళ్ళు తప్ప రాళ్ళే. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. జ్వాలా నరసింహుడి దగ్గరకు ఎక్కలేదు. డోలీ మాట్లాడాను. మేస్త్రీ చెప్పిన ధరకు రెండువందలు తగ్గించాను కూడా. సీజన్ అయిపోయింది గదా, తగ్గుతారని నాకు తెలుసు.

నలుగురు వచ్చి కర్ర కింద భుజం పెట్టినారు. వెనకవైపు కుర్రవాడు తలగుడ్డ ముందుకు లాక్కుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కొంతదూరం పోయిన తర్వాత గుర్తుపట్టాను. మా రెండో సంవత్సరం విద్యార్థి, ఆళ్ళగడ్డ దగ్గర పల్లెవాడు. ఫిబ్రవరి నుంచి తరగతికి రావడం లేదు. హాజరు నూటికి 75 లేని వాళ్ళ జాబితాలో అతని పేరు రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఎందుకు రావడం లేదని ఒక్కసారీ అడగలేదు.

"ఏమప్పా, ఇక్కడ వున్నావు" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట వుండదు.

"పదిగంటలకు బండ కాలుతాది సార్. మాట్లాడుకుంటా పోతే ఆలస్యమైతాది" అన్నాడు.

పదిలోపల. ఔలీ కుర్రవాడు చెప్పిన గంట అదే. అక్కడ మంచు అంబలి కాకముందు, ఇక్కడ బండ పెనం కాకముందు. పొద్దు కొండను పనికిరాకుండా చేసేలోపల కూలి గిట్టించుకోవాలి. అమ్మ డోలీలోంచి "నాయనా, బరువుగా వుందేమో, దిగి నడుస్తాను" అంటూనే వుంది. "నువ్వేం బరువు గాదు లేమ్మా" అని అతనే సర్దిచెప్పాడు.

కొండమీద నీడన కూర్చున్నప్పుడు నాకు మనుచరిత్రే గుర్తుకొచ్చింది. వృత్తిదోషం. ప్రబంధంలో అష్టాదశ వర్ణనలు వుండాలన్నారు ఆలంకారికులు. ఋతువులు అందులో భాగం. ఋతువు మారితే విరహం పెరుగుతుంది, తాపం పెరుగుతుంది. ఋతువు మారితే పని పోయేవాడు, పని దొరికేవాడు ఆ పద్దెనిమిదిలో లేడు. అయినా పెద్దనను ఈ నేరానికి బోనెక్కించడం తేలిక, అది మనవాళ్ళు కొందరు చేసే పనే, నాకది రుచించదు. మధ్యాహ్నానికి మంచు నీళ్ళవుతుందనీ, కొండకు పోయినవాడు గంట చూసుకోకపోతే చిక్కుకుంటాడనీ ఆయన కథకు కీలకం చేశాడు. దాన్ని ఉత్త ఎత్తని పదేళ్ళు చెప్పింది నేను. ప్రవరుడికి మోసేవాడు అక్కర్లేదు, పసరుంది. పసరు లేని యాత్రికులందరికీ ఎవరో ఒకరి భుజం కావాలి. ఆ భుజం మన సాహిత్యంలో ఎక్కడుందో వెతకడం విమర్శకుల పనే అనుకుంటాను.

ఇక సీజన్లు కూడా పాతలెక్కన నడవడం లేదు. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ళు బీటలువారి జనం ఇళ్ళు వదిలి పోవలసివచ్చింది. 2025 ఫిబ్రవరిలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి జరిపారు. పోటీలకు తేదీ మార్చవచ్చును. పలకలు అద్దెకిచ్చి బతికేవాడి నెల అద్దెకు తేదీ ఎవరు మారుస్తారు?

దిగి వచ్చిన తర్వాత తగ్గించిన రెండువందలూ మేస్త్రీ చేతికిచ్చాను. అతను అక్కడికక్కడే నాలుగు భాగాలు చేశాడు. మా విద్యార్థి తన యాభై తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. హాజరు తక్కువైనవాళ్ళు కట్టే రుసుము సంగతి ఎత్తాను. కట్టేశాను సార్ అన్నాడు. ఎట్లా కట్టావని అడగబోయి, డోలీ కర్ర చూసి మానుకున్నాను.

"మళ్ళీ సీజన్ ఎప్పుడప్పా?"

"వానలు పడి ఏట్లో నీళ్ళొచ్చినాక, కార్తీకంలో జనం బాగొస్తారు సార్" అన్నాడు.

కార్తీకంలో మాకు సెమిస్టర్ పరీక్షలు.