అమావాస్య రాత్రి షార్‌లో

సూళ్లూరుపేట స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. 2024 డిసెంబర్ 30, సోమవారం, మార్గశిర అమావాస్య. "అమావాస్య పూట పిల్లను వెంటబెట్టుకుని ప్రయాణమేంట్రా" అని మా అమ్మ పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. ఇస్రో వాళ్లు రాకెట్‌నే పంపుతున్నారమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే చెంగాళమ్మకు దండం పెట్టుకుని వెళ్లండి" అంది.

పెట్టుకున్నాం. ఆ గుడికి తలుపులుండవు. ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు కూడా అక్కడికి రావడం ఆనవాయితీ.

ఊరు దాటితే పులికాట్. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. దూరాన తెల్లటి గీతలా కనిపించింది కాస్తా దగ్గరికొచ్చేసరికి గులాబీ రంగు రెక్కలైంది. రాజహంసలు! మెడలు వంచి ముక్కులతో బురదను జల్లెడ పడుతున్నాయి. ఈ సరస్సుకీ సముద్రానికీ మధ్యనున్న దీవే శ్రీహరికోట. 1971 అక్టోబర్ 9న ఇక్కణ్నుంచి లేచిన మొదటి రాకెట్ ఆర్‌హెచ్-125 అడ్డుకొలత 125 మిల్లీమీటర్లు, జానెడు కూడా లేదు. అంతకు ముందు ఈ దీవి అడవుల్లో తరాలుగా యానాదులు బతికారు. షార్ అంతరిక్ష కేంద్రం కోసం ఇళ్లు వదిలి వెళ్లిన ఆ కుటుంబాలను ఆ రోడ్డు మీద తల్చుకోకుండా ఉండలేకపోయాను.

ప్రయోగాలు చూసే గ్యాలరీలో చీకటి పడేలోపే మెట్లు నిండిపోయాయి. మా పక్కన కూర్చున్న పెద్దాయన షార్‌లోనే ఘన ఇంధనం తయారీ విభాగంలో చేసి రిటైరయ్యారట. పదో తరగతి చదివే మా అమ్మాయి అడగడమే ఆలస్యం, చెప్పడం మొదలుపెట్టారు. ఈ రోజు ఎగిరే పీఎస్‌ఎల్‌వీ-సీ60 ఎత్తు 44 మీటర్ల పైచిలుకు. పక్కన స్ట్రాపాన్ మోటార్లు లేని రకం. మొదటి దశలో 139 టన్నుల ఘన ఇంధనం, అయిదు ముక్కలుగా ఇక్కడే పోత పోస్తారు.

"పాపా, నీ పెన్సిల్ పౌచిలో రబ్బరుందా? ఇయ్యి."

అమ్మాయి ఇచ్చింది. పాతది, కొంచెం ఎండిపోయింది. ఆయన దాన్ని బొటనవేలితో నొక్కి చూపించారు.

"గట్టిపడినాక ఇంధనం ముట్టుకుంటే ఇట్టానే ఉంటాది. ఇప్పుడు చూడు." రబ్బరును మెల్లగా వంచారు. పైన నున్నగా ఉన్న చోట వెంట్రుకవాసి చీలిక నోరు తెరిచింది. "మంట పైపైన కాలతా పోవాల. ఇట్టాంటి సందుంటే అందులోకి కూడా దూరతాది. కాలే చోటు పెరిగితే లోపల ఒత్తిడి పెరిగిపోతాది. మోటారు తట్టుకోలేదు. అందుకే ఒక్కో ముక్కకీ ఎక్స్‌రే తీస్తాం. చిన్న గాలిబుడగ ఉన్నా కనపడాల."

రబ్బరు తిరిగిచ్చాక మా అమ్మాయి దాన్ని చాలాసేపు వంచుతూ, వదులుతూ కూర్చుంది. ఆ రోజు నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ చీలికలోనే ఉంది.

రాత్రి 9:58కి అనుకున్న ప్రయోగం రెండు నిమిషాలు వెనక్కి జరిగింది. పైన దారిలో వేరే ఉపగ్రహాలు దగ్గరగా వస్తున్నాయట. సరిగ్గా 10:00:15కి చెట్ల వెనక నుంచి తెల్లవారింది. వేరే మాట దొరకడం లేదు. చంద్రుడు లేని ఆకాశం కింద మా చేతి గీతలు మాకు కనిపించాయి. చప్పుడు లేదు. వెలుగు పైకి లేచి వెళ్లాక, అప్పుడొచ్చింది మోత. ముందు కూర్చున్న మెట్టు అదిరింది, తర్వాత గుండెలో తగిలింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్దాయన చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డారు, మొదటి దశ విడిపోయిందని మైకులో వినపడేదాకా.

పావుగంటకు రెండు ఉపగ్రహాలూ కక్ష్యకు చేరాయి. ఒక్కోటి 220 కిలోలు, 475 కిలోమీటర్ల ఎత్తు. కక్ష్యలో ఆ రెండింటినీ కలిపే ఈ డాకింగ్ ప్రయోగం పేరు స్పేడెక్స్. వీటిని కూర్చి పరీక్షించింది హైదరాబాద్ కంపెనీ అనంత్ టెక్నాలజీస్, బెంగళూరులోని తన కేంద్రంలో. జనం బస్సుల వైపు కదిలారు. పెద్దాయన మాత్రం లేవలేదు.

"అసలు పని ఇప్పుడుంది అబ్బయా."

రెండు చేతుల వేళ్లూ విడదీసి ఎదురెదురుగా పెట్టారు. మామూలుగా ఒకటి గొళ్లెం, ఒకటి కొక్కెం అనుకుంటాం. ఇక్కడ రెండు వైపులా ఒకటే అమరిక, ఎవరైనా ఎవరినైనా పట్టుకోవచ్చు. రెండూ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరిగెడుతుంటాయి. ఒకదానికొకటి తగిలేటప్పుడు మాత్రం వాటి మధ్య వేగం సెకనుకు పది మిల్లీమీటర్లు ఉండాలి. ఆయన వేళ్లు అంత నిదానంగా దగ్గరికొచ్చాయి. చీమ నడక అది. ఎంతకీ కలవవేమో అనిపించింది. "కొంచెం గట్టిగా తగిల్తే ఎగిరి అవతల పడతాది. పట్టుకునేదానికి అక్కడ నేలుండదు గదా."

ఆ నిదానం ఎంత కష్టమో జనవరిలో తెలిసింది. 7న అనుకున్న డాకింగ్ 9కి వాయిదా పడింది. 500 మీటర్ల నుంచి 225 మీటర్లకు తెచ్చేటప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువ జరిగిపోవడంతో మళ్లీ ఆపారు. భోగికి ముందు రోజు 15 మీటర్లకు, తర్వాత మూడు మీటర్లకు తెచ్చి వెనక్కి తీసుకెళ్లారు. మూడు మీటర్లంటే మా వంటగది పొడుగు. అంత దగ్గరకొచ్చాక లెక్కలు సరిచూసుకుందామని వెనక్కి తగ్గిన వాళ్లంటే నాకు గౌరవం పెరిగింది. రేపు చంద్రయాన్-4 భాగాలు కక్ష్యలో కలవాలన్నా, మనదైన అంతరిక్ష కేంద్రం కట్టాలన్నా ఈ ఓపికే పునాది.

ఆ రాకెట్ నాలుగో దశలో అలసందలు కూడా వెళ్లాయి. కక్ష్యలో నాలుగు రోజులకే మొలకెత్తాయి. కనుమకు వడల కోసం అమ్మ అలసందలు నానబోస్తుంటే అమ్మాయి ఆ సంగతి చెప్పింది. అమ్మ గిన్నెలోంచి ఒక గింజ తీసి దీపం దగ్గర పెట్టి చూసింది.

కనుమ మర్నాడు ముక్కనుమ, జనవరి 16. ఉపగ్రహాలు రెండూ కలిశాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత మనమే. నేను పెద్దాయనకు ఫోన్ చేశాను. అవతల టీవీ మోగుతోంది.

"చూశారా?"

"చూశా అబ్బయా. పాపనడుగు, ఆ రబ్బరు ఇంకా ఉందా అని."