కాకతాళీయము – ఒక అద్దెకారు తగవు

కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే, కాకివల్లనే రాలిందనుకోరాదు. కాకతాళీయ న్యాయమంటే ఇదే. ముప్పయ్యేళ్ళు పిల్లలకు బోధించిన ఈ మాట మొన్న నాకే అక్కరకు వచ్చింది.

విశాఖ నుంచి అరకు వెళ్ళడానికి మా అబ్బాయి డీజిలు కారొకటి అద్దెకు తెచ్చాడు. శృంగవరపుకోటలో డీజిలు పోయించాము. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా ఇంజను ఆగిపోయింది. బండిని షెడ్డుకు చేర్పించుకున్న యజమాని, "మీరు పెట్రోలు పోయించారు, డిపాజిటు పదివేలూ తిరిగి ఇవ్వను" అన్నాడు. రసీదు చూపితే నమ్మలేదు.

అనుమానానికి తావు లేకపోలేదు. పెట్రోలు గొట్టం డీజిలు బండి మూతిలో సులువుగా దూరుతుంది. డీజిలులోని జిడ్డే ఇంధనపు పంపును కాపాడుతుంది. పెట్రోలు కలిస్తే అది తగ్గి పంపు అరిగిపోతుంది. అయితే ఇంధనంలో నీరు చేరినా, ఫిల్టరు పూడుకుపోయినా ఇంజను ఆగుతుంది కదా! ఇటువంటి హేతువును తర్కంలో సవ్యభిచారమంటారు.

"ట్యాంకులోని ఇంధనం సీసాకు పట్టి, ఇరువురి ఎదుట సీలువేసి పరీక్షకు పంపండి. పెట్రోలని తేలితే సొమ్ము మీదే" అన్నాను. ట్యాంకు అప్పుడే కడిగించేశామన్నాడు!

ఆరోపించినవాడే నిరూపించాలన్నది 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉంది. 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. సాక్ష్యాన్ని కడిగివేసి నింద మాత్రం మిగుల్చుకోవడం ఏ న్యాయం?

వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాము. పదివేలూ ఇంకా రాలేదు. వస్తే సంతోషమే. కాని నా పట్టుదల సొమ్ము కోసం కాదు. పదిమంది ఎదుట నా బిడ్డను అబద్ధాలకోరన్నారు. ఆ మాటను వెనక్కు తీసుకోవాలి.