పిల్లికి పాలు, ఫ్యానుకు కరెంటు

ధర్మవరం ఎండలకు రేకుల ఇంట్లో నిద్ర పట్టాలంటే ఫ్యాను కావాలి. మగ్గమున్న ఇంట్లో పట్టు నిలవాలంటే పిల్లి కావాలి. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, రెండూ నా పక్క దగ్గరే.

ఫ్యాను లెక్క తేలిక. పాతది 75 వాట్లు. రాత్రి 8 గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్లు. ఇప్పుడున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే, నెలకు 7 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 4 రూపాయలు వేసుకుంటే నెలకు 43 రూపాయలు మిగులు. మామూలు ఫ్యాను కన్నా 1,200 ఎక్కువ పెట్టాం. చలి నెలలు తీసేసినా మూడేళ్లకు ఆ డబ్బు తిరిగొస్తుంది.

అంటే ఫ్యాను ఖర్చు రాత్రికి రూపాయి. పిల్లికి రోజూ 10 రూపాయల పాలు. ఫ్యాను స్విచ్ వేసినప్పుడు తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. పిల్లి అర్ధరాత్రి దాటాక వస్తుంది. బొంతను ముందు కాళ్లతో కాసేపు తొక్కి, నా పాదాల మీద చుట్ట చుట్టుకుంటుంది. ఉక్క పోస్తే లేచి సరిగ్గా ఫ్యాను కిందికి పోయి పొడుగ్గా పడుకుంటుంది. తెల్లారుజామున పాల కోసం బుగ్గ మీద చెయ్యేస్తుంది. ఆ స్పర్శ నాకిష్టం.

పుట్టపర్తి నుంచి వచ్చిన ఆడపడుచు, "వదినా, పిల్లి పాలు మానేస్తే నెలకు 300. ఆ డబ్బుతో కూలర్ వాయిదా కట్టుకోవచ్చు కదా" అంది. నేను ఒప్పుకోలేదు. మా అత్తమ్మ కూడా, "పిల్లి తాగే పాలు చూస్తావు గానీ, ఎలుక కొరికే పట్టు చూడవేమే?" అని కూతుర్నే అడిగింది.

పడుగులో వేల పోగులుంటాయి. ఎలుక ఒక్కచోట పళ్లు పెడితే తెగిన పోగులన్నీ వెతికి ఒక్కొక్కటీ అతకాలి. ఆ పూట నేత సాగదు, కూలీ రాదు. అందుకే పిల్లి పాలను ఇంటి ఖర్చులో కాక మగ్గం ఖర్చులో రాస్తాను. కూలర్ కొనలేదు.

పిల్లిని పెంచేవాళ్లకు ఒక మాట. పాల డబ్బుతో పాటు ఏటా రేబిస్ టీకా డబ్బూ పక్కన పెట్టండి. పిల్లల పక్కలో పడుకునే జీవికి అది వాయిదా వేసే ఖర్చు కాదు. గీరినా, కరిచినా పావుగంట సబ్బునీళ్లతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మనుషులకు ఆ టీకా అక్కడ ఉచితం.